141, 57, ఒక పాత క్యాసెట్టు

ఎంపీ3 ఫైలుకి జానర్ అంటే మొదట్లో ఒకే ఒక్క బైటు, ఎప్పుడైనా గమనించారా? 1996లో ఎరిక్ కెంప్ అనే ఆయన ఫైలు చివర 128 బైట్లు తగిలించి దానికి ఐడీ3 అని పేరు పెట్టాడు. పాట పేరుకి 30 బైట్లు, పాడినవాళ్ళకి 30, ఆల్బంకి 30, సంవత్సరానికి 4, కామెంటుకి 30, చివర్లో జానర్‌కి 1. మొదలు గుర్తుపట్టడానికి ఇంకో 3. కూడుకుని చూడండి, లెక్క సరిపోతుంది :)

ఆ ఒక్క బైటులో ఉండేది ఒక నంబరు. 0 నుంచి 79 దాకా మొదటి జాబితా. తర్వాత విన్యాంప్ వాళ్ళు దాన్ని పొడిగించారు. 38 అంటే గాస్పెల్. 57 అంటే కామెడీ. 61 క్రిస్టియన్ ర్యాప్. 75 పోల్కా. 141 క్రిస్టియన్ రాక్. పోల్కాకి చోటు దొరికింది గానీ కర్ణాటక సంగీతానికి దొరకలేదు. జానపదానికి "ఫోక్" అని 80వ నంబరు ఉంది, అదీ విన్యాంప్ వాళ్ళు ఇచ్చిందే.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఒక ఫైలుకి ఏ నంబరు ఇవ్వాలో తేలక నెల రోజుల నుంచి అట్లాగే వదిలేసి ఉన్నాను. దాని కథే ఇది.

మొన్న డిసెంబరులో క్రిస్మస్‌కి కోడేరు పోయాను. కోడేరు ఎక్కడంటారా? నాగర్‌కర్నూల్ జిల్లా, కొల్లాపూర్ దగ్గర. 2016 అక్టోబరులో జిల్లాలు విడగొట్టక ముందు మహబూబ్‌నగర్ జిల్లా. ఆఫీసులో చెప్తే "ఓ, కొల్లాపూర్ మామిడిపళ్ళా" అంటారు. మామిడిపళ్ళే లెండి. ఇల్లు పాతదైపోయిందని నాయిన వెనక గది పడగొట్టిస్తున్నాడు. సామాను బయటికి తీస్తుంటే రేకు పెట్టె ఒకటి దొరికింది. అందులో క్యాసెట్లు. లెక్కపెడితే 43.

"ఏంటికిరా అవి, నడువవు ఇప్పుడు. పారెయ్" అన్నాడు నాయిన.

నేను పారెయ్యలేదు. హైదరాబాదు తెచ్చుకున్నా. నా దగ్గర ఇంకో పాత సరుకు కూడా ఉంది, కాలేజీ నాటి 500 జీబీ హార్డ్ డిస్కు. సెలవులు ఇంకా నాలుగు రోజులు మిగిలున్నాయి. రెండూ ఒకేసారి ముందేసుకుని మొదట్నించీ విందామని కూర్చున్నా. విచిత్రం ఏంటంటే రెండిట్లోనూ ఎక్కువగా ఉన్నవి రెండు రకాలే. యేసు పాటలు, నవ్వులు.

ముందు హార్డ్ డిస్కు సంగతి చెప్తా. 2014 నుంచి 2018 దాకా ఇంజనీరింగ్. హాస్టల్లో నా రూమ్మేట్ మిజోరం నుంచి వచ్చినవాడు. గిటారు లేకుండా అన్నం కూడా తినేవాడు కాదు. మేము కూడా చర్చికి పోతాం అని చెప్తే సంబరపడి 14 జీబీ ఫోల్డరు ఒకటి కాపీ చేసి ఇచ్చాడు. పేరు "క్రిస్టియన్ రాక్". పెట్రా, స్ట్రైపర్, డీసీ టాక్, లారీ నార్మన్. అప్పటిదాకా నాకు తెలిసిన యేసు పాటలు వేరే. మా ఎంబీ చర్చిలో ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం, గోడ మీద పాటల నంబర్ల పలక, హార్మోనియం. తర్వాత తర్వాత ప్లాస్టిక్ కుర్చీలు, కీబోర్డు. ఎంబీ అంటే మెనొనైట్ బ్రెదరెన్. 20వ శతాబ్దం మొదట్లో అమెరికా నుంచి వచ్చిన మిషనరీలు నాగర్‌కర్నూల్, వనపర్తి లాంటి చోట్ల స్టేషన్లు పెట్టారు, మా ఇళ్ళ చర్చిలు అట్లా మొదలైనవే.

స్ట్రైపర్ మొదటిసారి విన్నప్పుడు నాకు మతి పోయింది. పసుపు నలుపు చారల బట్టలు, జులపాలు, డబుల్ గిటార్లు, స్టేజీ మీంచి జనంలోకి కొత్త నిబంధన పుస్తకాలు విసిరెయ్యడం! వాళ్ళ 1986 ఆల్బం అమెరికాలో ప్లాటినం అయింది. మనవాళ్ళేమో ఇంకా హార్మోనియం పట్టుకుని మూలుగుతున్నారు అనుకున్నా. ఆ యేడు క్రిస్మస్‌కి ఊరికి పోయి యూత్ మీటింగ్‌లో స్పీకరుకి ఫోను తగిలించి స్ట్రైపర్ పెట్టాను. రెండు నిమిషాలు. అయ్యగారు ఏమీ అనలేదు, నెమ్మదిగా వచ్చి వైరు పీకి, ప్రార్థన చేద్దాం అన్నారు. నేను నాలుగేళ్ళు ఆ కథని హాస్టల్లో జోకుగా చెప్పుకున్నాను.

ఇప్పుడు 28 ఏళ్ళకి మళ్ళీ విన్నా. నిజాయితీగా చెప్పాలంటే ఫోల్డరులో చాలా భాగం నిలబడలేదు. స్ట్రైపర్ గిటారు ఇప్పటికీ బాగుంది, మాటలు మాత్రం నినాదాల్లా ఉన్నాయి. పెట్రా వింటుంటే ప్రాజెక్టు స్టేటస్ మీటింగ్ గుర్తొచ్చింది. అన్నీ గ్రీన్‌లో ఉంటాయి, ఎవ్వరికీ ఏ సందేహమూ ఉండదు. డీసీ టాక్ 1995 ఆల్బం పర్లేదు, ఆ కాలపు మిగతా రాక్ బ్యాండ్ల వాసన కొడుతుంది గానీ వినొచ్చు.

నిలబడింది లారీ నార్మన్ ఒక్కడే. ఆయన 1969లో చేసిన ఆల్బంని చాలామంది మొట్టమొదటి క్రిస్టియన్ రాక్ ఆల్బం అంటారు. 1972లో లండన్‌లో చేసిన ఇంకోటి ఉంది, దాన్ని 2014లో అమెరికా వాళ్ళ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరచాల్సిన రికార్డుల్లో చేర్చుకుంది. ఆయనెందుకు నిలబడ్డాడా అని ఆలోచిస్తే రెండు కారణాలు తోచాయి. ఒకటి, ఆయన వీధిలో జనం మాట్లాడే భాషలో పాడాడు. రెండు, ఆయన పాటల్లో వెటకారం ఉంది. మంచి సంగీతమంతా సైతానుకే ఎందుకు వదిలెయ్యాలి అని అడిగే పాట ఒకటుంది ఆ 1972 ఆల్బంలో. మొదటిసారి విన్నప్పుడు నవ్వుకుని వదిలేశా. ఈసారి ఆ ప్రశ్న దగ్గర ఆగిపోయా. ఎందుకో తర్వాత చెప్తా.

మా అయ్యగార్ని వెక్కిరించాను గానీ అమెరికాలోనూ ఇదే గొడవ అయింది తెలుసా. 1987లో జిమ్మీ స్వాగర్ట్ అనే టీవీ ప్రసంగీకుడు ఈ రాక్ సంగీతాన్ని గొర్రె తోలు కప్పుకున్న తోడేలు అంటూ ఏకంగా పుస్తకమే వేశాడు. మా అయ్యగారు వైరు మాత్రమే పీకారు, పాపం :)

సరే, ఇక క్యాసెట్లు. పాత టూ-ఇన్-వన్ బెల్టు కరిగి జిగురైపోయింది, కొత్త బెల్టు కోఠీలో దొరికింది. స్పిరిట్‌లో ముంచిన దూదితో హెడ్డు తుడిచి, హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి లాప్‌టాప్‌కి వైరు కలిపి, ఆడాసిటీలో రికార్డు చేశా. క్యాసెట్టు నిజమైన వేగంతోనే నడుస్తుంది, సెకనుకి 4.76 సెంటీమీటర్లు. 60 నిమిషాల క్యాసెట్టు ఎక్కాలంటే 60 నిమిషాలు కూర్చోవాల్సిందే. స్కిప్పు కొట్టే అలవాటున్నవాళ్ళకి ఇది మంచి శిక్ష.

యేసు పాటల క్యాసెట్లు 19 తేలాయి. కరుణామయుడు సినిమా పాటలు రెండు కాపీలున్నాయి. 1978లో వచ్చిన ఆ సినిమాని తర్వాత చాలా ఏళ్ళు ఊరూరా తెర కట్టి చూపించారు. బాలు పాడిన శిలువ పాట రాసింది మోదుకూరి జాన్సన్. ఆ పాట ఇప్పటికీ గట్టిదే, క్రైస్తవులు కానివాళ్ళకి కూడా నోటికి వస్తుంది. గుంటూరు హోసన్నా వాళ్ళ క్యాసెట్లు నాలుగు. ఎ.ఆర్. స్టీవెన్‌సన్‌వి మూడు. కొన్నిటికి కవర్లే లేవు. కీబోర్డు రేకు డబ్బాలా మోగుతుంది, సినిమా పాట వరస పట్టుకుని మాటలు మార్చినవి కూడా ఉన్నాయి. హాస్టల్లో నేను సిగ్గుపడింది వీటికే. ఇప్పుడు వింటే సిగ్గు రాలేదు. పాడేవాళ్ళకి సందేహాలున్నాయి, అప్పులున్నాయి, రోగాలున్నాయి, ఆ సంగతి గొంతులో తెలుస్తోంది. పెట్రా ఫోల్డరులో నాకు దొరకంది అదే.

ఒక్కటే వెలితి. ఈ పాటల భాష. కీర్తనల పుస్తకంలో పురుషోత్తమ చౌదరి గారి పాటలున్నాయి, 1803లో పుట్టిన మనిషి, రాగం తాళంతో సహా రాసినవి. పెద్ద పని, కాదనను. కొత్త పాటలు గుంటూరు, రాజమండ్రి వైపు తెలుగులో ఉంటాయి. మా అవ్వ అవన్నీ కంఠతా పాడేది. "ఏంటికి", "యాడ", "అట్ల" అని రోజంతా మాట్లాడే మనిషి పాటలోకి పోగానే "ఏల", "ఎందు", "అటుల" అనేది. దేవుడికి మా మాట రాదేమో అని చిన్నప్పుడు నిజంగానే అనుకునేవాణ్ణి.

ఇక నవ్వుల క్యాసెట్లు. 11 ఉన్నాయి. సినిమా డైలాగులు, మిమిక్రీ. సంక్రాంతికి, పెళ్ళిళ్ళకి ఊళ్ళో మైకులో ఇవే పెట్టేవాళ్ళు. వీటిని వినడానికి నేను ఎంత ఉబలాటపడ్డానో చెప్పలేను, చిన్నప్పుడు పొట్ట పట్టుకుని నవ్వినవి కదా. విన్నా. మూడో క్యాసెట్టుకి మొహం మాడిపోయింది.

ఎందుకంటే, ఎక్కడ మోసగాడు రావాలన్నా, మొద్దు రావాలన్నా, లంచగొండి రావాలన్నా, వాడు మాట్లాడేది మా భాష. అదే మా భాష అని వాళ్ళు అనుకున్నది. మిగతా అందరూ నీటుగా మాట్లాడతారు, వాడొక్కడు "గిట్ల" అనగానే వెనక జనం ఘొల్లున నవ్వుతారు. జోకు వేరే లేదు, "గిట్ల" అనడమే జోకు. నేను ఎవర్నీ తిట్టడానికి చెప్పట్లేదు. 1985లో వచ్చిన ప్రతిఘటనలో కోట శ్రీనివాసరావు గారు తెలంగాణ యాసలో రాజకీయ నాయకుడిగా చేసి దుమ్ము లేపారు. ఆయన పుట్టింది కృష్ణా జిల్లా కంకిపాడులో. ఎంత గొప్ప నటుడో నాకు తెలుసు, 2025 జులైలో ఆయన పోయినప్పుడు సొంత మనిషి పోయినట్టే బాధపడ్డా. గొడవ ఆయనతో కాదు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు దాన్ని జిరాక్స్ తీస్తూ పోయారు, గొడవ వాటితో.

అట్లాగని మిమిక్రీ అంటేనే ఇంతే అనడానికి లేదు. అదే హార్డ్ డిస్కులో నేరెళ్ళ వేణుమాధవ్ గారి ఆడియోలు కొన్ని ఉన్నాయి. వరంగల్లు మనిషి, 1932లో పుట్టి 2018లో పోయారు. ఐక్యరాజ్యసమితిలో కూడా ప్రదర్శన ఇచ్చారు. ఆయన ఒకరి గొంతు పట్టుకుంటే ఆ మనిషిని లోపల్నించి పట్టుకుంటారు. ఆ మనిషి ఎట్లా ఊపిరి తీసుకుంటాడో వినిపిస్తుంది. యాసని పట్టుకుని ఏడిపించడం కనపడదు. 57వ నంబరు కింద ఈ రెండు రకాలనీ పక్కపక్కన పెట్టడం అన్యాయం అనిపించింది.

ఇప్పుడు రోజులు మారాయి. 2017లో ఫిదాలో సాయిపల్లవి బాన్సువాడ పిల్లగా మాట్లాడితే జనం హీరోయినే అలా మాట్లాడుతోందని మురిసిపోయారు. లంబాడిపల్లి గంగవ్వ యూట్యూబులో తన మాట తను మాట్లాడి దేశమంతా తెలిసింది. 2023లో బలగం తీసిన వేణు కామెడీ వేషాల నుంచి వచ్చినవాడే, చావింట్లో కూడా నవ్వు ఎట్లా పుడుతుందో చూపించాడు. కాకపోతే అవన్నీ నిజామాబాదు, కరీంనగరు వైపు మాటలు. మా వైపు కృష్ణ దాటితే కర్నూలు. మా మాటలో "గిట్ల" కంటే "ఇట్ల" ఎక్కువ, "ఎక్కడ"కి "యాడ", "ఎందుకు"కి "ఏంటికి". తెలంగాణ యాస అంటే ఒకటే అనుకునేవాళ్ళు మనలోనూ ఉన్నారు. ఆ లిస్టులో నేనూ ఉన్నానని 38వ క్యాసెట్టు దాకా నాకు తెలీదు.

38వ క్యాసెట్టు. కవరు లేదు. మీద సినిమా కామెడీ అని అచ్చు సగం చెరిగి ఉంది. కంపెనీ క్యాసెట్లకి వెనక పక్క రెండు చిన్న పలకలు ఉండవు, అక్కడ కన్నాలుంటాయి. ఆ కన్నాలుంటే రికార్డు బటన్ నొక్కుడు పడదు. వాటి మీద కాగితం అంటిస్తే పడుతుంది. హార్డ్‌వేర్‌లో రీడ్-ఓన్లీ పర్మిషన్, దానికి కాగితం ముక్కతో ఓవర్‌రైడ్. ఈ క్యాసెట్టుకి అన్నం మెతుకులతో అంటించిన కాగితం ముక్కలున్నాయి. అంటే కామెడీ మీద ఇంకేదో ఎక్కించారు.

పెట్టాను. ముందు గరగర. తర్వాత మా అమ్మ గొంతు, బాగా లేతగా. "మైకు యాడుంది? ఈడనా?" అంటోంది. తర్వాత ఉత్తరం చదివినట్టు మొదలుపెట్టింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నాయిన అప్పుడు బొంబాయిలో ఉండేవాడు. మేస్త్రీ కింద పని. పాలమూరు లేబర్ అనే మాట మీరు వినే ఉంటారు, దేశంలో ఎక్కడ డ్యాము కట్టినా, కాలవ తవ్వినా, మేడ లేపినా మావాళ్ళు ఉంటారు. ఆర్నెల్లకోసారి వచ్చేవాడు. మొదటి జీతాల్లో కొన్నదే ఈ టూ-ఇన్-వన్. నాయినకి చదువు రాదు, అమ్మ ఐదు దాకా చదివింది. ఉత్తరం రాస్తే అక్కడ ఇంకొకరితో చదివించుకోవాలి, ఇంటి సంగతులు బయటివాళ్ళకి తెలుస్తాయి. అందుకని క్యాసెట్లో మాటలు ఎక్కించి, బొంబాయి బస్సులో పోయే వాళ్ళ చేత పంపేవాళ్ళు. అక్కడ గుంపు మేస్త్రీ దగ్గర టేపు ఉండేదట. విన్నాక మళ్ళీ వచ్చే వాళ్ళ చేత వెనక్కి. ఇది 1999 నాటిది, ఎందుకంటే పిల్లోడికి రెండు నిండాయని అమ్మ చెప్తోంది. ఆ పిల్లోడు నేనే. వెనకాల ఏడుస్తున్నా.

అమ్మ మాటలు అయ్యాక అవ్వ అందుకుంది. "ఒరే, పాట పాడుత ఇను" అంది. పాట పుస్తకంలోది కాదు. యేసయ్యా, బొంబాయిల నా కొడుకును సూడు, మెట్లు ఎక్కేతప్పుడు కాలు జారనియ్యకు అని తనే కట్టుకున్న పాట. యాడ ఉన్నా, ఏంటికి పోయినా, అట్ల చూడు, ఇట్ల చూడు. మొత్తం మా మాటే. దేవుడితో మా మాటలో మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

ఆ పాట కింద దెబ్బ మోగుతోంది. రేకు డబ్బా మీద వేళ్ళతో, కర్రతో. చప్పట్లు కాదు, ఇంకేదో. ఒక వరస పట్టుకుని, మధ్యలో విరిచి, మళ్ళీ అందుకుంటోంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మూడుసార్లు విన్నా. అది డప్పు దెబ్బ.

నాయినకి ఫోన్ చేశా. వాట్సాప్‌లో ముక్క పంపించా. పది నిమిషాలకి తిరిగి చేశాడు.

"మా నాయినరా" అన్నాడు. ఇంకేం మాట్లాడలేదు కాసేపు.

మా తాత డప్పు కొట్టేవాడట. జాతరకి, చావుకి, ఊళ్ళో దండోరాకి. పిలిస్తే పోవాలి, అడిగితే కూలి లేదు. బాప్తిస్మం తీసుకున్నాక డప్పు ముట్టలేదు. నేను పుట్టేనాటికి అది అటక మీద కూడా లేదు. చర్చిలో డప్పు ఎందుకు ఉండదో మాకెవరూ చెప్పలేదు, ఉండదంతే. మంచి సంగీతమంతా సైతానుకెందుకు వదిలెయ్యాలి అన్న లారీ నార్మన్ ప్రశ్న దగ్గర నేను ఆగింది ఇందుకే. అమెరికావాడు వీధిలో మోగే వాయిద్యాన్ని చర్చిలోకి ఈడ్చుకొచ్చాడు, మావాళ్ళు వీధి వాయిద్యాన్ని వీధిలోనే వదిలేసి చర్చిలోకి పోయారు. మొదట ఇది ఓటమి అనుకున్నా. తర్వాత అనిపించింది, తాత వదిలింది సంగీతాన్ని కాదు, వెట్టిని. ఆయన కాలంలో రెండూ విడిగా దొరికేవి కావు. వాటిని విడదీయడానికి తర్వాత చాలా జరగాల్సి వచ్చింది. 1994లో మొదలైన దండోరా ఉద్యమం అదే డప్పుని భుజాన వేసుకుని తలెత్తి కొట్టింది. అప్పటికి తాత ముసలాడైపోయాడు. అయినా బొంబాయిలో ఉన్న కొడుకు కోసం నూనె డబ్బా మీద కొట్టాడు. డప్పు కాదు కదా, డబ్బానే కదా అనుకున్నాడేమో.

పాట సరిగ్గా 2 నిమిషాల 40 సెకన్లు. తర్వాత టక్ మని చప్పుడు. ఆ తర్వాత ఒక పిల్లోడు గొంతు చించుకుని అరుస్తున్నాడు.

"ఏందిర బై, గిట్ల జేస్తివేందిర! గట్లెట్ల నడుస్తదిర!"

నేనే. 2007, పదేళ్ళు. క్యాసెట్లో పాత మాటలేవో ఉన్నాయని, ఖాళీ కిందే లెక్కని, కాగితం ఎలాగూ అంటించి ఉందని, నా మిమిక్రీ ప్రోగ్రాం ఎక్కించాను. ఎక్కించింది కూడా గుర్తుంది. ఏ క్యాసెట్టు మీద అన్నది మాత్రం ఈ డిసెంబరు దాకా తెలీదు. రికార్డు నొక్కితే ముందు ఎరేజ్ హెడ్డు తుడుస్తుంది, వెనకాల రికార్డు హెడ్డు రాస్తుంది. కంట్రోల్ జెడ్ లేదు. అవ్వ పాట మిగతాది, తాత దెబ్బ మిగతాది, వాళ్ళు ఇంకా ఏమేం చెప్పారో అదంతా నా కింద పోయింది. తాత 2003లో పోయాడు, అవ్వ 2011లో. వేరే రికార్డింగు లేదు. మా ఇంట్లో ఎవరి గొంతూ ఇంకెక్కడా లేదు.

పాత టేపుల్లో ఎరేజ్ హెడ్డు సరిగ్గా తుడవకపోతే కింద పాత శబ్దం పలచగా మిగులుతుంది అని చదివి, రెండు రాత్రులు ఫిల్టర్లు పెట్టి చూశా. ఒకచోట డబ్బా దెబ్బ వినపడ్డట్టు అనిపించింది. అది టేపులో ఉందో, నా చెవిలో ఉందో చెప్పలేను.

నా ప్రోగ్రాం ఒకటిన్నర నిమిషం ఉంది. అచ్చం క్యాసెట్లలో వినే మోసగాడి గొంతు, ఆ క్యాసెట్లలోని యాస. కోడేరులో పుట్టిన పిల్లోడు మా ఇంట్లో ఎవరూ మాట్లాడని ఒక భాషని మా భాష అనుకుని అరుస్తున్నాడు. ఇది విని నవ్వాలో ఏడవాలో అర్థం కాక కూర్చుంటే, చివర్లో వెనక నుంచి అవ్వ గొంతు వచ్చింది. దూరంగా, వంటింట్లోంచి అనుకుంటా.

"ఏంటికిరా అట్ల అరుస్తవు? అది యాడి మాటరా?"

"తెలంగాణ మాట అవ్వా" అన్నాను నేను.

కాసేపు ఏమీ లేదు. తర్వాత అవ్వ నిదానంగా, "అట్లనా?" అంది.

అక్కడితో అయిపోయింది. ఆ తర్వాత కంపెనీ వాళ్ళ అసలు కామెడీ మిగిలి ఉంది, జనం ఘొల్లున నవ్వుతున్నారు.

నా తప్పు నాయినకి చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించి, చెప్పేశాను. పాట మొత్తం ఉండేది, నేనే పాడు చేశాను అని. నాయిన, "బొంబాయిల ఎన్నిసార్లు ఇన్ననో. నాకు నోటికి వస్తది తియ్" అన్నాడు. అయితే పాడు, రికార్డు చేస్తా అన్నా. మాటలు చెప్పాడు, అన్నీ వచ్చాయి. దెబ్బ కూడా వెయ్యమంటే చాలాసేపు ఊరుకున్నాడు. "నాకు రాదురా. నాయిన నేర్పలేదు. నేర్సుకుంటనంటే కొట్టిండు కూడ" అన్నాడు.

కాబట్టి పాట మాటలు దొరికాయి, దెబ్బ 2 నిమిషాల 40 సెకన్లు మాత్రమే మిగిలింది. ఎవరైనా డప్పు తెలిసినవాళ్ళకి వినిపిస్తే మిగతాది పట్టుకోగలరేమో చూడాలి. వచ్చే నెల ఊరికి పోయినప్పుడు అదే పని.

ఫైలు కట్ చేసేటప్పుడు నా మిమిక్రీ తీసేద్దామనుకున్నా. నాయిన ఒప్పుకోలేదు. అది కూడా పంపించమన్నాడు. పంపిస్తే ఇంటిల్లిపాదీ స్పీకరు పెట్టి విని నవ్వారట, "అట్లనా" దగ్గర అమ్మ రెండుసార్లు వెనక్కి పెట్టించిందట. వాళ్ళకి అది అవ్వ జోకు. నిజమే, 11 కామెడీ క్యాసెట్లలో ఇంత మంచి జోకు ఇంకోటి లేదు. ఆమె జోకు వెయ్యాలని కూడా అనుకోలేదు.

ఇప్పుడు జానర్ సంగతి. 141 పెడితే అవ్వ నవ్వు పోతుంది. 57 పెడితే పాట పోతుంది. 12 అంటే "ఇతరాలు" అట, ఆ నంబరు చూస్తేనే ఎందుకో ఒప్పుకో బుద్ధి కాలేదు. అందుకే ఆ బైటు ఖాళీగా ఉంది. పాట పేరు మాత్రం పెట్టా. తెలుగు అక్షరం, గుణింతం ఒక్కోదానికీ యూటీఎఫ్-8లో మూడేసి బైట్లు, 30 బైట్లంటే పది ముక్కలు. "అవ్వ పాట" సరిపోయింది, ఇంకా చోటు మిగిలింది కూడా.

మీ ఇళ్ళలో పాత క్యాసెట్లు ఉంటే ఒక్క పని చెయ్యండి. ముందు వెనక పక్క చూడండి. పలకలు ఉంటే విరగ్గొట్టండి, కాగితం అంటించి ఉంటే పీకెయ్యండి. వినడం తర్వాత.